పాత ఎంజీబీని రేసు ట్రాక్ ఎక్కించడం ఎలా? మొదటి పని నుంచి మొదటి రేసు దాకా

పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారుతో రేసింగ్ మొదలుపెట్టాలనుకునేవాళ్లు సాధారణంగా తలకిందుల వరుసలో వెళ్తారు. ముందు కారు కొంటారు. వెంటనే ఇంజను పవర్ పెంచుతారు. ఆ తర్వాత బ్రేకుల సంగతి గుర్తొస్తుంది. ఆఖర్న రూల్ బుక్ తెరుస్తారు. అప్పుడు తెలుస్తుంది, అంత డబ్బు పోసి పెట్టించిన కార్బురేటర్ ఆ సిరీస్‌లో చెల్లదని. ఇక్కడ ఆ వరుసను తిరగేసి చెబుతాను. ముందు రూల్ బుక్, తర్వాత బాడీ, తర్వాత బ్రేకులు, అన్నిటికన్నా చివర పవర్.

ఉదాహరణగా ఎంజీబీని తీసుకుంటున్నాను. ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ దగ్గరి అబింగ్డన్ ఫ్యాక్టరీలో 1962 నుంచి 1980 దాకా 5 లక్షలకు పైగా తయారైన కారు ఇది. అందుకే విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ 1988 నుంచి కొత్త బాడీ షెల్స్ కూడా అచ్చంగా పాత ప్రెస్ పనిముట్లతోనే చేసి అమ్ముతోంది. అరవై ఏళ్ల నాటి కారుకు ఇంతకన్నా అదృష్టం ఏముంటుంది? ఇంకా తక్కువలో మొదలుపెట్టాలంటే ఎంజీ మిడ్జెట్, ఆస్టిన్-హీలీ స్ప్రైట్ ఉన్నాయి. కానీ మీరు ఆరడుగుల మనిషైతే కొనేముందు హెల్మెట్ పెట్టుకుని ఒకసారి అందులో కూర్చుని చూడండి. జాగ్వార్ ఈ-టైప్ మీద మనసు పడటం సహజమే. మొదటి కారుగా మాత్రం దాన్ని వదిలేయండి.

ఎక్కడ పరుగెత్తాలో ముందు తేల్చుకోండి

బ్రిటన్‌లో ఉంటే మీ ముందు చాలా దారులున్నాయి. ఎంజీ కార్ క్లబ్ 1930లో మొదలైంది. ఎంజీబీ, దాని పెద్ద ఇంజను రూపాలైన ఎంజీసీ, వీ8 కార్ల కోసమే నడిచే బీసీవీ8 చాంపియన్‌షిప్ ఆ క్లబ్‌దే. అందులో దాదాపు ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉన్న కార్లకు ఒక క్లాసు, బాగా మార్చిన కార్లకు ఇంకో క్లాసు ఉంటాయి. హిస్టారిక్ స్పోర్ట్స్ కార్ క్లబ్, క్లాసిక్ స్పోర్ట్స్ కార్ క్లబ్ కూడా రకరకాల సిరీస్‌లు నడుపుతాయి. 1934లో పుట్టిన వింటేజ్ స్పోర్ట్స్-కార్ క్లబ్ పేరు చూసి అక్కడికి వెళ్లకండి, అది ప్రధానంగా రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి కార్ల లోకం. గుడ్‌వుడ్ రివైవల్ అనే పాత కార్ల రేసుల పండుగ అంటే అందరికీ మోజే. అక్కడికి దరఖాస్తు పెట్టుకుంటే సరిపోదు, ఆహ్వానం రావాలి. మొదటి రెండు మూడేళ్లు దాన్ని మర్చిపోవడమే మేలు.

అమెరికాలో ఉన్నవాళ్లకు ఎస్‌వీఆర్‌ఏ, వీఎస్‌సీసీఏ, సియాటిల్ వైపు సోవ్రెన్ లాంటి క్లబ్బులున్నాయి. అక్కడి వింటేజ్ రేసింగ్‌లో 13/13 అనే నియమం బాగా ప్రసిద్ధం. మీ తప్పు వల్ల కార్లు గుద్దుకుంటే ఆ ఈవెంట్ నుంచి బయటికి పంపి, 13 నెలలు మీ మీద నిఘా పెడతారు. ఆ గడువులో మళ్లీ తప్పు చేస్తే 13 నెలలు ట్రాక్ ఎక్కనివ్వరు. పాత కార్లను కాపాడుకోవడానికి పెట్టుకున్న నియమం ఇది. కప్పు కోసం ఎదుటివాడి డోర్ గీసే మనస్తత్వం ఉన్నవాళ్లకు ఈ హాబీ సరిపడదు.

సిరీస్ ఎంచుకున్నాక దాని రెగ్యులేషన్లు ప్రింటు తీసి, పెన్ను పట్టుకుని చదవండి. మామూలుగా ఐదు విషయాల దగ్గర కార్ల తలరాత తేలిపోతుంది: ఇంజను కొలత ఎంతవరకు పెంచవచ్చు, ఏ కార్బురేటర్లు ఒప్పుకుంటారు, చక్రం వెడల్పు ఎంత, ఏ టైర్లు, పాత తరహా షాక్ అబ్జార్బర్లు ఉంచాలా మార్చవచ్చా. కొన్ని హిస్టారిక్ సిరీస్‌లలో ఆ కాలపు నమూనాలో డన్‌లప్ చేసే రేసింగ్ టైర్లే వాడాలి. ఇంకొన్నింటిలో రోడ్డు మీద నడిపే గాట్ల టైర్లు చాలు. అంతర్జాతీయ స్థాయి పోటీలకైతే ప్రపంచ మోటార్ స్పోర్ట్ సంస్థ ఎఫ్‌ఐఏ పాత కార్లకు పెట్టిన అపెండిక్స్ కె నిబంధనలు, కారుకు హెచ్‌టీపీ అనే టెక్నికల్ పాస్‌పోర్టు కావాలి. ఆ కాలంలో ఆ మోడల్‌కు నిజంగా ఏమేం ఉండేవో అవే ఉండాలన్నది దాని సారాంశం. అక్కడ మీ ఇంజను ఎంత బాగుందన్నది కాదు, 1965లో అలాంటిది ఉండేదా అన్నదే ప్రశ్న.

ఇదంతా అయ్యాకే కారు వెతకండి.

కారు కొనడం

ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మొదటిసారి అయితే, ఇప్పటికే రేసుల్లో తిరుగుతున్న కారునే కొనండి. రోల్ కేజ్ (కారు బోల్తా పడినా డ్రైవరును కాపాడే ఉక్కు గొట్టాల చట్రం), సీటు, బెల్టులు, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, ఇంధన పైపులు, ఇంజను పని అన్నీ విడివిడిగా చేయించుకుంటూ పోతే అయ్యే ఖర్చు, తయారైన కారు ధర కంటే దాదాపు ఎప్పుడూ ఎక్కువే అవుతుంది. అమ్మేవాడికి తను పెట్టిందంతా తిరిగి రాదు, ఆ లాభం మీది. లాగ్ బుక్, ఇంజను బిల్డ్ కాగితాలు, కేజ్ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. కాగితాలు లేని రేసు ఇంజనును విప్పి చూడని ఇంజనుగానే లెక్కపెట్టి బేరం ఆడండి.

కాదు, నేనే కట్టుకుంటాను అనేవాళ్లకు ఒక విన్నపం. క్రోమ్ బంపర్లతో, మొదటి రంగుతో, శుభ్రంగా ఉన్న 1960ల కారును కోయకండి. అపెండిక్స్ కె పోటీలకు వెళ్లాలంటే తప్ప ఆ అవసరం రాదు. 1974 చివర్లో వచ్చిన నల్ల రబ్బర్ బంపర్ల మోడల్ తీసుకోండి. అమెరికా నిబంధనల కోసం దాని ఎత్తు పెంచారు. అందువల్ల మలుపుల్లో పక్కకు ఒరుగుతుంది, అందుకే ధర తక్కువ. స్ప్రింగులు మార్చి కిందికి దించడం పెద్ద పనేమీ కాదు. అయితే మీ సిరీస్‌లో ఆ ఏడాది మోడల్‌కు అనుమతి ఉందో లేదో ముందే చూసుకోవాలి. చూశారా, మళ్లీ రూల్ బుక్ దగ్గరికే వచ్చాం.

తుప్పు ఎక్కడ వెతకాలి? ఎంజీబీకి విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే దాని బలం. డోర్ల కింద నిలువునా సాగే సిల్స్‌లో మూడు పొరల రేకు ఉంటుంది. లోపలి పొరలు తినేసి, పైన కొత్త రేకు అతికించి రంగు వేసిన కార్లు కొల్లలు. డోరు తెరిచి, వెనక చక్రం ముందున్న మూలను, జాకీ పెట్టే చోటును స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడండి. రేకు ఖంగుమనాలి. దబ్ మని మొద్దుగా పలికితే లోపల పుట్టీ ఉన్నట్టే. జాకీ మీద ఒక పక్క లేపినప్పుడు డోరు సందు మూసుకుపోయినా, డోరు బిగుసుకుపోయినా బేరం అక్కడితో ఆపేయండి. ఇంజను ఎంత పాడైనా బాగు చేయించవచ్చు, వంగిన షెల్ మాత్రం మీ సెలవు రోజులన్నీ మింగేస్తుంది.

బాడీ, భద్రత

కారును మొత్తం విప్పండి. కార్పెట్లు, తారు షీట్లు, హీటర్, టాప్, ట్రిమ్ అన్నీ బయటికి. విప్పిన ప్రతి బోల్టునూ దాని చోటు పేరు రాసిన కవరులో వేయండి, ఫోన్‌లో ఫొటో తీయండి. ఇక్కడే పానాల సంగతి చెప్పాలి. ఎంజీబీలో ఎక్కువ భాగం అంగుళాల కొలత యూఎన్ఎఫ్ మరలు. మన మెట్రిక్ సెట్టు దాదాపుగా పడుతుంది. ఆ "దాదాపుగా" వల్లే బోల్టు మూలలు అరిగిపోతాయి. అంగుళాల కొలత పానాల ఏఎఫ్ సెట్టు ఒకటి కొనండి. 1940ల ఎంజీ టీసీ లాంటి కారు తీసుకున్నవాళ్ల కష్టం ఇంకా చిత్రంగా ఉంటుంది. దాని ఎక్స్‌పీఏజీ ఇంజనులో మరలు మెట్రిక్‌వి, బోల్టు తలకాయలు మాత్రం విట్‌వర్త్ అనే పాత బ్రిటిష్ కొలతవి.

షెల్ ఖాళీ అయ్యాక ముందు వెల్డింగ్ పని, తర్వాత కేజ్. బోల్టులతో బిగించే కేజ్ కంటే వెల్డ్ చేసేది షెల్‌ను ఎక్కువ గట్టిపరుస్తుంది. పైకప్పు లేని రోడ్‌స్టర్‌కు ఆ తేడా మలుపుల్లోనే తెలుస్తుంది. హెల్మెట్ తగిలే అవకాశమున్న ప్రతి గొట్టానికీ గట్టి ప్యాడింగ్ చుట్టాలి. ఎంజీబీ పెట్రోల్ ట్యాంకు డిక్కీ నేల కింద వేలాడుతూ ఉంటుంది. కాబట్టి డిక్కీకీ డ్రైవరుకూ మధ్య ఉన్న ప్రతి కన్నాన్నీ రేకుతో మూసేయండి. పాత వైరు పోయిన చిన్న రంధ్రాన్ని కూడా వదలొద్దు. మంట దారి వెతుక్కోవడానికి అది చాలు.

సీటు, బెల్టులు, హెల్మెట్, మెడను కాపాడే హాన్స్ లాంటి పరికరం, మంటను తట్టుకునే దుస్తులు, గ్లవ్స్, బూట్లు. వీటిలో సెకండ్ హ్యాండ్ ఆలోచన వద్దు. బెల్టుల మీద, సీటు మీద గడువు తేదీ ఉంటుంది. ఎఫ్‌ఐఏ గుర్తు ఉన్న బెల్టుకు మామూలుగా ఐదేళ్లు. చూడటానికి కొత్తగా ఉన్నా తేదీ దాటితే రేసుకు ముందు కారును తనిఖీ చేసే స్క్రూటినీర్ ఒప్పుకోడు. భుజాల బెల్టులు సీటు వెనక మరీ కిందికి దిగకూడదు. అలా దిగితే గుద్దుకున్నప్పుడు ఆ బలమంతా వెన్నెముకను నొక్కుతుంది.

బయటి నుంచి నొక్కగలిగే మెయిన్ స్విచ్ పెట్టి, దాని పక్కన నీలం త్రికోణంలో ఎర్ర మెరుపు గుర్తు అంటించాలి. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ మీటకు ఎర్ర "ఈ" అక్షరం గుర్తు. స్విచ్ ఆపగానే బ్యాటరీ మాత్రమే కాదు, నడుస్తున్న ఇంజను కూడా ఆగాలి. ఆల్టర్నేటర్ వైరింగ్ సరిగా లేకపోతే బ్యాటరీ విడిపోయినా ఇంజను నడుస్తూనే ఉంటుంది. ఇంట్లోనే పరీక్షించి చూడండి. ముందూ వెనకా లాగడానికి కొక్కాలు, వెనక ఎర్రటి వాన లైటు, థ్రాటిల్‌కు అదనపు స్ప్రింగ్, ఇంజను ఊపిరి గొట్టం నుంచి వచ్చే ఆయిల్ నేల మీద పడకుండా క్యాచ్ ట్యాంకు. చిన్న చిన్న పనులే, కానీ స్క్రూటినీ దగ్గర కార్లు వెనక్కి వచ్చేది ఎక్కువగా వీటివల్లే.

బ్రేకులు, చక్రాలు, సస్పెన్షన్

సుమారు 920 కిలోల కారుకు ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు చాలు, వాటిని సరిగ్గా ఉంచితే. పాత రబ్బరు గొట్టాలన్నీ తీసేసి, ఉక్కు జాలీ అల్లిన గొట్టాలు వేయండి. ముందు రేసు ప్యాడ్లు, వెనక మంచి షూలు. బ్రేక్ ఆయిల్ ఎక్కువ వేడిని తట్టుకునే రేసింగ్ రకం కావాలి. అది గాలిలోని తేమను పీలుస్తుంది, తేమ చేరాక తక్కువ వేడికే మరుగుతుంది. అప్పుడు పెడల్ స్పాంజిలా మెత్తగా లోపలికి పోతుంది. అందుకే ప్రతి రెండు మూడు రేసు మీటింగులకు ఒకసారి కొత్త ఆయిల్ పోసి గాలి తీయండి. సీసా మూత తీసి నెలల తరబడి షెడ్డులో ఉంచిన ఆయిల్ వాడకండి.

ముందు చక్రం బేరింగుల దగ్గర ఒక సూక్ష్మం ఉంది. ఎంజీబీ హబ్బులో రెండు బేరింగుల మధ్య ఒక స్పేసర్ గొట్టం, పల్చటి షిమ్ములు ఉంటాయి. వాటితోనే బేరింగు ఆట, అంటే వదులు, 0.002 నుంచి 0.004 అంగుళాల మధ్య సెట్ చేయాలి. చాలామంది షిమ్ములతో విసిగిపోయి స్పేసర్ తీసేసి, మామూలు కార్లలా నట్టు బిగించి కొంచెం వదులు చేసి సరిపెట్టుకుంటారు. ఆ స్పేసర్, చక్రం తిరిగే చిన్న ఇరుసైన స్టబ్ యాక్సిల్‌కు బలం ఇచ్చే భాగం. అది లేకుండా రేసు మలుపుల్లో యాక్సిల్ వంగుతుంది, ఆఖరికి విరుగుతుంది కూడా. తీసేసిన కారు కొన్నారేమో విప్పి చూసుకోండి.

వైర్ స్పోక్ చక్రాలు అందంగా ఉంటాయి, రేసుల్లో చెల్లుతాయి కూడా. కానీ స్పోకులు వదులవుతాయి, హబ్బు మీది స్ప్లైన్ పళ్లు కత్తి మొనల్లా అరుగుతాయి. ఒక్కో స్పోకును పానాతో తట్టుతూ పోతే వదులైనది వేరే శబ్దం ఇస్తుంది. పళ్లు అరిగితే హబ్బు, చక్రం రెండూ మార్చాలి. ఒకటి మారిస్తే కొత్తదాన్ని పాతది తినేస్తుంది. ఇంకొకటి: మధ్యలో బిగించే పెద్ద నట్టు మర కుడివైపు ఒక దిశ, ఎడమవైపు ఒక దిశ. హబ్బులు తారుమారు చేసి బిగిస్తే పరుగులో చక్రం తనంతట తానే వదులైపోతుంది. ఈ బాధలన్నీ వద్దనుకుంటే, మీ సిరీస్ ఒప్పుకుంటే, నాలుగు నట్ల అల్లాయ్ చక్రాలకు మారిపోండి. నేనైతే ఒక్క క్షణం ఆలోచించను.

సస్పెన్షన్‌లో ముందు ఉన్నదాన్ని బాగు చేయండి, తర్వాతే కొత్తవి కొనండి. ముందు చక్రాలు పక్కకు తిరగడానికి ఆధారమైన కింగ్ పిన్లు అరిగాయో లేదో చక్రం పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి. గ్రీజు కొట్టేటప్పుడు చక్రాల మీద బరువు లేకుండా లేపి కొట్టాలి, లేకపోతే గ్రీజు వెళ్లాల్సిన వైపు వెళ్లదు. వెనక కమాన్ కట్టల బుష్‌లు కొత్తవి వేయండి. ఎంజీబీ షాక్ అబ్జార్బర్లు లీవర్ చేతి రకం, ఆర్మ్‌స్ట్రాంగ్ తయారీ. వాటిని బాగు చేయించి, కవాటం గట్టిగా చేయించుకుంటే చాలా సిరీస్‌లకు సరిపోతాయి. ముందు గట్టి స్ప్రింగులు, లావు యాంటీ-రోల్ బార్ వేస్తే సగం పని అయినట్టే. ఆ తర్వాత వీల్ అలైన్‌మెంట్ చేయించండి, డ్రైవర్ సీట్లో మీ బరువు పెట్టి మరీ.

ఇప్పుడు ఇంజను

ఇంతవరకు ఓపిక పట్టారు, సంతోషం. ఎంజీబీ ఇంజను 1798 సీసీ, బీఎంసీ వారి బి-సిరీస్. మన రోడ్ల మీద దశాబ్దాలు తిరిగిన అంబాసిడర్‌లోని 1489 సీసీ పెట్రోల్ ఇంజనూ ఇదే కుటుంబం. అంబాసిడర్ హెడ్డు దించి ఎక్కించిన మెకానిక్ పక్కన నిలబడి చిన్నప్పుడు చూసినవాళ్లెవరికైనా ఇందులో సగం భాగాలు పరిచయంగానే అనిపిస్తాయి. వేసవి సెలవుల్లో ఇండియా నుంచి వచ్చిన నాన్నగారు "ఇంత చదువు చదివి ఈ పాత డొక్కు ఏంట్రా" అని మొదలుపెట్టి, రెండో రోజుకల్లా టాపెట్ల సందు తనే కొలవడం మొదలుపెట్టే అవకాశం లేకపోలేదు.

1964 శరదృతువు దాకా వచ్చిన ఇంజన్లకు క్రాంక్ కింద మూడు మెయిన్ బేరింగులు, తర్వాతి వాటికి ఐదు. రేసుకు ఐదు బేరింగుల ఇంజనే ఓర్పుగలది. ఫ్యాక్టరీ నుంచి ఇది సుమారు 95 హార్స్‌పవర్ ఇచ్చేది. మొదటి ఏడాది దాన్ని మామూలుగానే, కొత్త బేరింగులతో, సరిగ్గా కట్టిన ఇంజనుగా ఉంచండి. లేత్ షాపులో క్రాంక్, కనెక్టింగ్ రాడ్లు, పిస్టన్లు, ఫ్లైవీల్, క్లచ్ కలిపి బ్యాలన్స్ చేయించడం ఒక్కటే మొదటి రోజే చేయాల్సిన ఖర్చు. హెడ్డులో గట్టి ఎగ్జాస్ట్ వాల్వ్ సీట్లు వేయించండి, ఇవి సీసం కలిపిన పెట్రోల్ కాలపు హెడ్లు కాబట్టి. బ్రిటన్ బంకుల్లో ఆ పెట్రోల్ 2000 జనవరితో ఆగిపోయింది.

కొత్త క్యామ్‌షాఫ్ట్ వేస్తే మొదటి ఇరవై నిమిషాలే దాని ఆయుష్షును నిర్ణయిస్తాయి. స్టార్ట్ చేయగానే ఐడిల్‌లో ఉంచకండి. 2000 నుంచి 2500 ఆర్‌పీఎం మధ్య ఇరవై నిమిషాలు నడపండి. ఐడిల్‌లో క్యామ్ మీదికి ఆయిల్ తుంపర సరిగా చేరదు, టాపెట్ల ముఖం గీసుకుపోతుంది. ఆయిల్ కూడా ఆధునిక కార్లది కాకుండా, జింక్ ఎక్కువగా ఉండే 20డబ్ల్యూ-50 రకం తీసుకోండి. ఇవి రోలర్లు లేని, ఒరుసుకుంటూ తిరిగే టాపెట్లు. టాపెట్ల సందు 0.015 అంగుళం. హెడ్డు నట్లు 45 నుంచి 50 పౌండ్-అడుగులు, మాన్యువల్‌లో చూపిన వరుసలో, మూడు నాలుగు విడతలుగా బిగించాలి.

రేసులో ఇంజన్లను చంపేది పవర్ కాదు, ఆయిల్. పొడవాటి మలుపుల్లో ఇంజను అడుగున ఉండే ఆయిల్ తొట్టి, అంటే సంప్‌లోని ఆయిల్ ఒక పక్కకు చేరిపోతుంది. పంపు మూతి గాలి పీలుస్తుంది, ఒక్క క్షణం ప్రెషర్ పడిపోతుంది. బేరింగుకు ఆ ఒక్క క్షణం చాలు. సంప్‌లో అడ్డు రేకులు వేయించండి, ఆయిల్ కూలర్ పెట్టండి, ఆయిల్ ఎప్పుడూ పై గీత దాకా ఉంచండి. వేడెక్కాక పరుగులో ప్రెషర్ 50 నుంచి 80 పౌండ్ల మధ్య ఉండాలి. మీటరు చిన్నగా ఉంటే మలుపులో కళ్లు అటు పోవు, పెద్ద ఎర్ర హెచ్చరిక లైటు ఒకటి డాష్‌బోర్డు మధ్యలో పెట్టించండి. అది మినుకుమంటే ఆ ల్యాపు అక్కడితో అయిపోయినట్టే. ఇంజను ఆపి, పక్కకు తీయండి.

6000 ఆర్‌పీఎం దాటించవద్దు, కనీసం మామూలు కనెక్టింగ్ రాడ్లు ఉన్నంతవరకు. జంట ఎస్‌యూ కార్బురేటర్లను రోలింగ్ రోడ్డు మీద, అంటే చక్రాలను రోలర్ల మీద తిప్పి పవర్ కొలిచే యంత్రం మీద, సరిగా ట్యూన్ చేయించండి. వెబర్ 45 లాంటి పెద్ద కార్బురేటర్ తర్వాత చూసుకోవచ్చు.

పవర్ లేకపోతే గెలుస్తామా అని అడుగుతారు. 1963లో 24 గంటల లె మాన్ రేసులో ఎంజీబీ నడిపిన పాడీ హాప్‌కిర్క్, అలన్ హచిసన్ జంట సంగతి చూడండి. మొదట్లోనే కారు ఇసుకలో కూరుకుపోయింది. హచిసన్ గంటకు పైగా ఇసుక తవ్వి బయటికి తీశాడు. అంత సమయం పోయినా ఆ కారు చివరిదాకా నడిచి 12వ స్థానంలో, తన క్లాసులో మొదటిగా నిలిచింది. వాళ్లకంటే పవర్ ఉన్న కార్లు ఆ రోజు చాలా వరకు రేసు పూర్తి చేయలేదు.

కరెంటు, పెట్రోలు

పాత వైరింగ్‌ను అతుకులు వేసి కాపాడే ప్రయత్నం వద్దు. రేసు కారుకు కావాల్సింది చాలా తక్కువ: ఇగ్నిషన్, పంపు, స్టార్టర్, బ్రేకు లైట్లు, వాన లైటు, మీటర్లు. కొత్తగా వేయండి. 1967 దాకా వచ్చిన కార్లలో బ్యాటరీ పాజిటివ్ వైపు బాడీకి కలిపి ఉంటుంది, నేటి ఎలక్ట్రానిక్ పరికరాలు పెట్టేముందు నెగెటివ్‌కు మార్చాలి. సీట్ల వెనక ఉండే రెండు 6 వోల్టుల బ్యాటరీలను తీసేసి, ఒక చిన్న 12 వోల్టుల డ్రై బ్యాటరీని గట్టిగా బిగించండి. బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోల్ పది శాతం దాకా ఇథనాల్ కలిసిన ఈ10 అయింది, పాత రబ్బరు గొట్టాలను ఆ ఇథనాల్ తినేస్తుంది. ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు వేసి, సూపర్ గ్రేడ్ పెట్రోల్ పోయండి.

లైసెన్సు

బ్రిటన్‌లో మోటార్‌స్పోర్ట్ యూకే అనే సంస్థ లైసెన్సు ఇస్తుంది. ముందు వాళ్ల స్టార్టర్ ప్యాక్ తెప్పించుకుని, ఒక రేసింగ్ స్కూల్లో ఏఆర్‌డీఎస్ అనే రేసు డ్రైవర్ల అర్హత పరీక్ష ఇవ్వాలి. సగం రాత పరీక్ష, సగం ట్రాక్ మీద ఇన్‌స్ట్రక్టర్ పక్కన డ్రైవింగ్. జెండాల ప్రశ్నల్లో ఒక్కటి తప్పినా ఫెయిలే. కాబట్టి వాటిని నిద్రలో అడిగినా చెప్పేలా నేర్చుకోండి. పసుపు ఊపితే ముందు ప్రమాదం, ఓవర్‌టేక్ చేయకూడదు. పసుపు మీద ఎర్ర నిలువు గీతలుంటే ట్రాక్ జారుతోంది. నీలం అంటే వెనక వేగమైన కారు ఉంది. నల్ల జెండా మీద నారింజ వృత్తం, మీ నంబరు చూపితే కారులో ఏదో లోపం, వెంటనే పిట్‌లోకి. డ్రైవింగ్ భాగంలో వాళ్లు చూసేది వేగం కాదు, ప్రతి ల్యాపూ ఒకేలా, నిలకడగా తిప్పగలరా అన్నదే. చాలామంది ఇక్కడే అనవసరంగా టెన్షన్ పడి వేగంగా వెళ్లి పాడు చేసుకుంటారు.

కొత్తవాళ్ల కారు వెనక పసుపు పలక మీద నల్ల ఇంటూ గుర్తు ఉండాలి. ఆరు రేసులకు అధికారుల సంతకాలు పడే దాకా అది తీయకూడదు. అది అవమానమేమీ కాదు, దాన్ని చూసి వెనకవాళ్లు మీకు కాస్త చోటిస్తారు.

రేసుకు ముందు కారును ట్రాక్ డేకు తీసుకెళ్లండి. లేదా ఒంటరిగా గడియారంతో పోటీపడే స్ప్రింట్, హిల్ క్లైంబ్ పోటీలకు. 1905 నుంచి నడుస్తున్న షెల్స్‌లీ వాల్ష్, బుగాటీ ఓనర్స్ క్లబ్ వారి ప్రెస్కాట్ కొండ రెండూ ఇంగ్లండ్‌లో పశ్చిమం వైపే ఉన్నాయి. కొత్త కారులో లోపాలు బయటపడటానికి ఒక నిమిషం కొండ ఎక్కడం చాలు, పక్కన ఇరవై కార్లు లేకుండా.

రేసు రోజు

తెల్లవారుజామునే చేరుకోండి. సైన్-ఆన్ (పేరు నమోదు), స్క్రూటినీ, శబ్దం పరీక్ష, కొత్తవాళ్లకు బ్రీఫింగ్. ఇవన్నీ వరుసగా వస్తాయి, ఏ ఒక్కటి ఆలస్యమైనా క్వాలిఫైయింగ్, అంటే రేసులో ఎవరు ఎక్కడ నిలబడాలో తేల్చే పరుగు, పోతుంది. స్క్రూటినీకి హెల్మెట్, దుస్తులు కూడా తీసుకెళ్లాలి. వాళ్లతో వాదించకండి, చెప్పింది చేసి మళ్లీ రండి.

ట్రెయిలర్‌లో పెట్టాల్సినవి: టార్క్ రెంచ్, గాలి మీటరు, జాకీ, స్టాండ్లు, బ్రేక్ ఆయిల్ కొత్త సీసా, ఇంజను ఆయిల్, ఫ్యాన్ బెల్టు, ప్లగ్గులు, రోటర్ ఆర్మ్, కండెన్సర్, తీగ, టేపు, తాగడానికి నీళ్లు. చక్రాలు తొడిగాక నట్లను టార్క్ రెంచ్‌తో బిగించి, కొన్ని ల్యాపులు తిరిగాక మళ్లీ చూడండి. ప్రతి ముఖ్యమైన నట్టు మీద, దాని పక్క రేకు మీదికి కలిసేలా రంగు గీత గీయండి. గీత విరిగితే నట్టు తిరిగిందని చూడగానే తెలుస్తుంది.

క్వాలిఫైయింగ్‌లో కనీసం మూడు ల్యాపులు పూర్తి చేయాలి, కాబట్టి ముందు ఆ మూడు నిదానంగా చేసేయండి. అసెంబ్లీ ఏరియాలో బెల్టులు బిగించుకున్నాక ఎవరితోనైనా భుజాల బెల్టు ఇంకోసారి లాగించండి. గ్రీన్ ఫ్లాగ్ ల్యాపులో టైర్లు, బ్రేకులు వేడి చేసుకోండి. ఎర్ర లైట్లు ఆరగానే స్టార్ట్. మొదటి మలుపులో చోటు కోసం తోసుకోకండి. క్లబ్ రేసు మామూలుగా పావుగంట నుంచి ఇరవై నిమిషాలు, అందులో సగం కార్లు మీ ముందున్నా ఫర్వాలేదు. అద్దాలు చూడండి. వేగమైనవాడు వస్తే మీ లైను వదలకుండా, హఠాత్తుగా పక్కకు జరగకుండా నడపండి. దాటే పని వాడిదే.

చెకర్డ్ ఫ్లాగ్ పడ్డాక చివరి ల్యాపు బ్రేకులు తక్కువ వాడుతూ చల్లబరుచుకుంటూ రండి. లోపలికి వచ్చాక హ్యాండ్‌బ్రేక్ లాగకండి, వేడి డ్రమ్ముకు షూలు అతుక్కుంటాయి. గేరులో పెట్టి, చక్రాల కింద చెక్క పెట్టండి.

ఇంటికొచ్చాక

సోమవారం సాయంత్రం కారును జాకీ మీద లేపి, శుభ్రంగా కడిగి, కింద పడుకుని చూడండి. కడగని కారులో పగులు కనిపించదు. కేజ్ అతుకులు, స్టీరింగ్ చేతులు, కమాన్ కట్టల బిగింపు, ఎగ్జాస్ట్ వేలాడే చోట్లు. ఆయిల్ మార్చి, ఫిల్టర్‌ను కోసి, మడతల్లో ఏమైనా మెరుస్తోందేమో చూడండి. సన్నటి నల్ల పొడి మామూలే. రాగి రంగు తునకలు కనిపిస్తే బేరింగ్ పోతోంది, తర్వాతి రేసు ఎంట్రీ ఆపుకోండి. ప్లగ్గుల రంగు, టాపెట్ల సందు, బ్రేక్ ప్యాడ్ మందం, టైరు గాలి, ఆ రోజు వాతావరణం, ల్యాపు టైములు లాగ్ బుక్‌లో రాయండి. శీతాకాలంలో రేసులు దాదాపు ఉండవు. ఇంజను విప్పాలన్నా, కేజ్‌కు రంగు వేయాలన్నా నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సమయం ఉంది. లేత్ షాపులు కూడా అప్పుడే నిండిపోతాయి, అక్టోబరులోనే హెడ్డు అక్కడ ఇచ్చేయండి.